ఫాక్స్‌ప్రోతో బతికినవాడిని, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది మిర్యాలగూడ. నాకు 50 ఏళ్లు. డిగ్రీ అయ్యాక 1997లో నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్ దగ్గర ఓ ఇన్‌స్టిట్యూట్‌లో ఫాక్స్‌ప్రో అనే కంప్యూటర్ భాష నేర్చుకున్నాను. అప్పటి నుంచి రైస్ మిల్లులకు, ఎరువుల దుకాణాలకు లెక్కల ప్రోగ్రాములు రాసిస్తూ ఇల్లు నడుపుకుంటున్నాను. ఒకప్పుడు ముప్ఫైకి పైగా పార్టీలు ఉండేవి, ఇప్పుడు తొమ్మిది మిగిలాయి. పోయిన నెల ఒక మిల్లులో పాత కంప్యూటర్ తీసి మూలన పెట్టి కొత్తది తెచ్చారు. దాంట్లో నా ప్రోగ్రాం ఓపెన్ కాలేదు. ఓనర్ గారి అబ్బాయి బీటెక్ చదివి వచ్చాడు. నెట్‌లో చూసి "అంకుల్, ఈ భాష రిటైరై పదేళ్లు దాటిందట. మాకెందుకు చెప్పలేదు?" అని అందరి ముందూ అడిగాడు. నాకు నోట మాట రాలేదు. అప్పటి నుంచి రాత్రిళ్లు నిద్ర లేదు, ఒకటే టెన్షన్. మా అమ్మాయి ఇంజినీరింగ్ మూడో ఏడు. "నాన్నా, అది వదిలేసి పైథాన్ నేర్చుకో" అంటోంది. ఈ వయసులో నాకొస్తుందా? ఈ తొమ్మిది పార్టీలకు ఏం చెప్పాలి? ఇన్నాళ్లు చేసిందంతా వృథా అయినట్టేనా? మీరు చూస్తారని నా ప్రోగ్రాంలో నాలుగు పేజీలు ప్రింట్ తీసి జత చేస్తున్నాను.

ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: తమ్ముడూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ నాలుగు పేజీలైతే ఇంకా ఎక్కువసార్లు చూశాను. మీరు నన్ను మూడు ప్రశ్నలు అడిగారు. వాటికంటే ముందు ఆ అబ్బాయి అడిగినదానికి జవాబు చెప్పుకుందాం. మీకు నిద్ర పట్టనివ్వనిది అదే అని నాకనిపించింది.

ఆ అబ్బాయి అడిగిన తీరు బాగోలేదు. తండ్రి వయసువాడిని పక్కకు పిలిచి అడగాల్సింది. అడిగిన ప్రశ్న మాత్రం సరైనదే. ఫాక్స్‌ప్రోలో ఆఖరిదైన విజువల్ ఫాక్స్‌ప్రో 9 వచ్చింది 2004 డిసెంబరులో. 2007 మార్చిలో దాని కంపెనీ మైక్రోసాఫ్ట్ ఇక పదో వెర్షన్ తీసుకురాబోమని చెప్పేసింది. ఉన్నదానికి సపోర్టు 2015 జనవరి 13తో పూర్తిగా ఆగిపోయింది. అంటే దాదాపు ఎనిమిదేళ్ల ముందే నోటీసు ఇచ్చి మరీ ఆపారు. మన లైన్లో ఉన్నవాళ్లందరికీ తెలిసిన సంగతే. మిల్లు ఓనర్లకు మాత్రం తెలిసే దారి లేదు. వాళ్లకు కంప్యూటర్ అంటే మీరే. మీరు చెప్పకపోతే వాళ్లకు ఇంకెవరు చెప్తారు?

మీరు కావాలని దాచారని నేను అనుకోవడం లేదు. ఈ పని ఎలా సాగుతుందో నాకు తెలుసు. పొద్దున్నే ఫోను మోగుతుంది, బిల్లు రావట్లేదంటారు. వెళ్తాం, కరెంటు పోయినప్పుడు రికార్డులను వెతికిపెట్టే ఇండెక్స్ పాడై ఉంటుంది, రీఇండెక్స్ కొడతాం, చాయ్ తాగి వస్తాం. మళ్లీ నెలకు ఇంకో ఫోను. నడుస్తున్న ఇంజనును ఆపి దీని కంపెనీ మూతపడిందని చెప్పబుద్ధి కాదు. చెప్తే ఉన్న పార్టీ కూడా పోతుందేమోనన్న భయం ఒకటి. ఆ భయం తప్పు కాదు, ఇంట్లో ఫీజులు కట్టాలి కదా. కానీ ఆ భయంతో ఇంకో ఏడాది గడిపితే మాత్రం తప్పే అవుతుంది. కాబట్టి తొమ్మిది మందికీ చెప్పండి. ఫోన్లో వద్దు, వాట్సాప్‌లో వద్దు. వెళ్లి, కూర్చుని, చెప్పండి. ఆ అబ్బాయితో మొదలుపెట్టండి: "నువ్వు అడిగింది నిజమే బాబూ, నేను ముందే చెప్పాల్సింది" అనండి. ఆ ఒక్క మాట అన్నాక మీకు ఆ రాత్రి నిద్ర పడుతుంది.

అయితే చెప్పేటప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పండి, భయపెట్టేలా వద్దు. భాష రిటైరవడమంటే ఏమిటో ఆ అబ్బాయికి కూడా పూర్తిగా తెలిసినట్టు లేదు. సర్కారు ఉద్యోగి రిటైరైన మర్నాడు కూడా మనిషి ఉంటాడు, తెలివితేటలు అవే ఉంటాయి, సంతకం మాత్రం చెల్లదు. ఇదీ అంతే. విజువల్ ఫాక్స్‌ప్రోలో రాసిన ప్రోగ్రాములు 32 బిట్‌వి, ఈనాటి విండోస్‌లో కూడా నడుస్తాయి. రేపు ఏదైనా విండోస్ అప్‌డేట్‌తో చెడితే బాధ్యత తీసుకునేవాళ్లు ఉండరు, అదీ తేడా. మరి ఆ మిల్లులో ఎందుకు ఓపెన్ కాలేదు? మీరు పంపిన పేజీల పైన "ఫాక్స్‌ప్రో 2.6" అని ఉంది. అంటే అది విండోస్‌కు ముందు వాడిన డాస్ కాలం నాటిది, ఇంకా పాత రకం, 16 బిట్ ప్రోగ్రాం. 64 బిట్ విండోస్ దాన్ని అసలు ముట్టుకోదు. దాన్ని నడపగలిగేది 32 బిట్ విండోస్, విండోస్ 11లో ఆ ఎడిషనే లేదు. కొత్త మెషిన్ కొన్న రోజే ఆగిపోవడానికి కారణం ఇదే తప్ప మీ ప్రోగ్రాంలో లోపం కాదు.

దానికి తాత్కాలికంగా మార్గం ఉంది. పాత డాస్ ప్రోగ్రాములను కొత్త విండోస్ లోపల నడిపించే సాఫ్ట్‌వేర్లు దొరుకుతాయి. అందరికీ తెలిసింది డాస్‌బాక్స్, కానీ అది ఆటల కోసం చేసింది. ఆఫీసు లెక్కలకు, ప్రింటింగ్‌కు పనికొచ్చేలా చేసింది వీడాస్. ముందు డేటా కాపీ మీద పెట్టి చూడండి, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌కు తక్‌పట్టీ, అంటే రైతుకిచ్చే లెక్క చీటీ, సరిగా వస్తోందో లేదో చూడండి, అప్పుడు అసలు డేటా పెట్టండి. 1990ల చివర్లో స్పీడు పెరిగిన కొత్త మెషిన్లు వచ్చినప్పుడు ఫాక్స్‌ప్రో 2.6 తెరవగానే "డివైడ్ బై జీరో" అని ఆగిపోయేది, గుర్తుందా? ప్యాచ్ వేసి నడిపించుకున్నాం. ఇప్పుడు ఇదీ అలాంటి ప్యాచే. ఒక సీజన్ గడపడానికి పనికొస్తుంది, పదేళ్లు దీని మీద కూర్చోవద్దు.

ఇక మీరు చివర్లో అడిగిన ప్రశ్న. ఇన్నాళ్లు చేసింది వృథా అయిందా అని. దీనికి జవాబు మీరు పంపిన ఆ నాలుగు పేజీల్లోనే ఉంది. అందుకే దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను.

మూడో పేజీ తీయండి. లారీ నంబరు తీసుకునే చోట, మొదటి రెండు అక్షరాలు సరిగా ఉన్నాయో లేదో చూసే లైను ఒకటి ఉంది. మొదట అక్కడ ఏపీ ఒక్కటే ఉండేది. నల్లగొండ బండ్లకు ఏపీ 24 అని ఉన్న రోజులు. దాని కింద మీరు నక్షత్రం గుర్తు పెట్టి "2014 జూన్, టీఎస్ కలిపిన" అని రాసుకున్నారు. ఇంకొంచెం కింద "2024 మార్చి, టీజీ కలిపిన, పాతవి తియ్యొద్దు, పాత లారీలు ఇంకా వస్తున్నయి" అని ఉంది. ఆ మూడు వరుసలు చూస్తూ చాలాసేపు ఉండిపోయాను. రాష్ట్రం ఏర్పడింది, నంబరు ప్లేటు రెండుసార్లు మారింది, మీ మిల్లు గేటు దగ్గర ఒక్క లారీ కూడా మీ ప్రోగ్రాం వల్ల ఆగలేదు. నాలుగో పేజీలో ఊళ్ల పట్టికకు జిల్లా పేరు మార్చిన లైన్లు కూడా చూశాను. 2016 అక్టోబరులో జిల్లాలు విడగొట్టినప్పుడు సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వేరయ్యాయి కదా, ఆ రోజుల్లో రాసినవి. మా పాలమూరు వైపు నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల విడిపోయి, 2019లో నారాయణపేట కూడా వేరైనప్పుడు మేమూ ఇలాగే కూర్చుని మార్చుకున్నాం.

ఇప్పుడు రెండో పేజీ. తరుగు లెక్క. తేమ 17 శాతం దాటితే ఎంత కోయాలి, జూట్ సంచి అయితే ఎంత బరువు తీయాలి, ప్లాస్టిక్ సంచి అయితే ఎంత, 40 కిలోల బస్తాకు హమాలీ ఎంత, తూకం వేసే దడువాయికి ఎంత. క్వింటాలు వడ్లకు ప్రభుత్వానికి ఇవ్వాల్సిన బియ్యం పచ్చివైతే 67 కిలోలు, ఉప్పుడువైతే 68 కిలోలు అన్న లెక్క. ఇవన్నీ అందరికీ తెలిసినవే. కానీ మధ్యలో ఒక లైను ఉంది. ఫలానా ఊరి రైతులకు లారీ కిరాయి సగమే పట్టాలని. దాని పైన నక్షత్రం గుర్తు పెట్టి "పెద్దసార్ మాట, వాగు మీద వంతెన కట్టేదాకా" అని రాశారు.

తమ్ముడూ, ఆ పెద్దసార్ ఇప్పుడు ఉన్నారో లేదో నాకు తెలియదు. వంతెన కట్టారో లేదో తెలియదు. కానీ ఆయన ఆ ఊరి రైతులకు ఇచ్చిన మాట లోకంలో రాసి ఉన్న చోటు బహుశా ఇదొక్కటే. ఆ అబ్బాయికి కూడా తెలిసి ఉండదు. రేపు టాలీ కొన్నా, ఇంకేదైనా రెడీమేడ్ ప్యాకేజీ కొన్నా, ఆ మాట అందులోకి దానంతటదే రాదు. మీరు పాతికేళ్లుగా రాస్తున్నది ఫాక్స్‌ప్రో అని మీరు అనుకుంటున్నారు. నాకు కనిపించింది మిల్లు కట్టుబాట్ల పుస్తకం. అది రాయడానికి ఆ రోజుల్లో చేతికందిన భాష ఫాక్స్‌ప్రో, అంతే.

ఆ భాష కూడా అలాంటి అవసరంలోంచే పుట్టింది. అమెరికాలో వేన్ రాట్లిఫ్ అని ఒకాయన, పాసడీనాలోని జెట్ ప్రొపల్షన్ ల్యాబ్‌లో పనిచేస్తూ, తోటి ఉద్యోగుల ఫుట్‌బాల్ పందేల లెక్క చూసుకోవడానికి ఇంట్లో ఒక ప్రోగ్రాం రాసుకున్నాడు. దానికి వల్కన్ అని పేరు పెట్టుకున్నాడు. అదే తర్వాత డీబేస్ అయింది. ఆ దారిలోనే ఫాక్స్ సాఫ్ట్‌వేర్ కంపెనీ ఫాక్స్‌బేస్, ఫాక్స్‌ప్రో తెచ్చింది. 1992లో మైక్రోసాఫ్ట్ ఆ కంపెనీని కొనేసింది. నేను మహబూబ్‌నగర్‌లో క్లాసులు చెప్పే రోజుల్లో, ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చిన పిల్లలు కూడా వారం తిరిగేసరికి "యూజ్" కొట్టి ఫైలు తెరిచి, "బ్రౌజ్" కొట్టి వరుసలు చూసేవాళ్లు. బాదేపల్లి మార్కెట్లో ఒక కమీషన్ వ్యాపారికి పల్లికాయ లెక్కల ప్రోగ్రాం నేను రాసింది కూడా దాంట్లోనే. అలాంటి భాష పోయిందంటే నాకూ మనసులో కలుక్కుమంటుంది. మీకు కలిగిన బాధ న్యాయమైనదే. దాన్ని చిన్నతనంగా అనుకోకండి.

కాబట్టి మొట్టమొదట చేయాల్సింది కంప్యూటర్ పని కాదు. ఒక 200 పేజీల నోటుబుక్కు కొనండి. ఒక్కో మిల్లుకు కొన్ని పేజీలు. మీ ప్రోగ్రాం రాసిన పీఆర్‌జీ ఫైళ్లు ముందు పెట్టుకుని, అందులో ఉన్న ప్రతి నియమాన్నీ తెలుగులో ఒక్కో వాక్యంగా రాయండి. ఎవరు చెప్పారు, ఎప్పటి నుంచి, ఇంకా అమల్లో ఉందా. నక్షత్రం పెట్టి రాసుకున్న మాటల్ని ఒక్కటి కూడా వదలకండి. రాయడం అయ్యాక ఓనర్‌తో, మిల్లు గుమస్తాతో కూర్చుని చదివి వినిపించండి. కొన్ని తీసేయమంటారు, కొన్ని "అరే, ఇది ఇట్లున్నదా?" అంటారు. రేపు కొత్త ప్రోగ్రాం మీరు రాసినా, ఇంకెవరు రాసినా, ఆ నోటుబుక్కే పునాది. ఇది తొమ్మిది పార్టీలలో మీరు తప్ప ఎవరూ చేయలేని పని. దీనికి డబ్బు తీసుకోండి. "ఇంత చిన్న పనికి కూడా పైసలా అన్నా?" అంటారు, తెలుసు. చిన్న పని కాదని మీరు నమ్మితేనే వాళ్లూ నమ్ముతారు.

తర్వాత డేటా. ఇక్కడ నా జీవితంలో జరిగిన ఒక తప్పు చెప్పాలి, మీరు అదే చేయకూడదని. పేరు చెప్పను, ఒక ప్రైవేటు కాలేజీ. ఫీజుల లెక్క ఫాక్స్‌ప్రోలో ఉండేది. 2003లో దాన్ని కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మార్చే పని నేను ఒప్పుకున్నాను. మీకు తెలుసు, ఫాక్స్‌ప్రోలో రికార్డు డిలీట్ చేస్తే అది చెరిగిపోదు. ప్రతి వరుసకూ మొదట్లో ఒక్క అక్షరం పట్టే చోటు ఉంటుంది. మామూలుగా అది ఖాళీ. డిలీట్ కొడితే అందులో ఒక నక్షత్రం పడుతుంది, అంతే. ప్యాక్ కొట్టినప్పుడే ఆ వరుస నిజంగా పోతుంది. "సెట్ డిలీటెడ్ ఆన్" పెట్టుకుంటాం కాబట్టి స్క్రీన్ మీద కనిపించవు, లేవనే అనుకుంటాం. ఆ కాలేజీలో ఏళ్ల తరబడి ఎవరూ ప్యాక్ కొట్టలేదు. నేను వాడిన టూల్ ఆ నక్షత్రాన్ని పట్టించుకోకుండా అన్ని వరుసలనూ తెచ్చేసింది. నేను చూసుకోలేదు.

రెండు వారాల తర్వాత టీసీ తీసుకుని వెళ్లిపోయిన పిల్లల ఇళ్లకు ఫీజు బకాయి నోటీసులు వెళ్లాయి. వాళ్లలో ఒక అబ్బాయి అంతకు ముందు ఏడాది చనిపోయాడు. వాళ్ల నాన్న ఆ కాగితం పట్టుకుని దేవరకద్ర నుంచి బస్సెక్కి వచ్చాడు. ఆఫీసు రూములో నిలబడి గట్టిగా ఏమీ అనలేదు. "మా వాని పేరు ఇంక ఉన్నదా మేడమ్ మీ దగ్గర?" అని మాత్రం అడిగాడు. ఆ గొంతు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. అందుకే చెప్తున్నాను, డేటా బయటికి తీసే ముందు ప్రతి టేబుల్‌లో "సెట్ డిలీటెడ్ ఆఫ్" చేసి, నక్షత్రం ఉన్న వరుసలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఒరిజినల్ మీద ప్యాక్ కొట్టకండి. కాపీ తీసుకుని దాని మీద కొట్టండి. తీసేసిన వరుసలను వేరే ఫైల్లో దాచండి, రేపు పాత బాకీ తగాదా వస్తే అవే సాక్ష్యం.

ఇంకొన్ని త్వరగా చెప్తాను. పొడవాటి రాతలు ఉంచే మెమో ఫీల్డులు, డేటా ఉండే డీబీఎఫ్ ఫైల్లో ఉండవు, పక్కన ఎఫ్‌పీటీ ఫైల్లో ఉంటాయి. "కాపీ టు" తో టెక్స్టు ఫైలు తీస్తే అవి రావు, వేరుగా తీయాలి. తేదీలు డీబీఎఫ్ లోపల సంవత్సరం, నెల, రోజు వరుసలో శుభ్రంగానే ఉంటాయి, బయటికి వచ్చాక మాత్రం రోజు ముందా నెల ముందా చూసుకోండి. ఏప్రిల్ 3న దించిన వడ్లు మార్చి 4కు మారితే ఆర్థిక సంవత్సరమే మారిపోతుంది. తెలుగు పేర్లు యూనికోడ్ రాకముందు ఫాంట్లతో కొట్టి ఉంటే, ఆ ఫాంటు లేని మెషిన్లో పిచ్చి అక్షరాలు కనిపిస్తాయి. అవి పాడవలేదు, కన్వర్టర్‌తో మార్చుకోవచ్చు. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిన పేర్లే అసలు తలనొప్పి. మీ జిల్లాలో సైదులు అనే పేరు ఎన్ని స్పెల్లింగులతో ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఒకే రైతు మూడు ఖాతాలుగా ఉంటాడు. కలిపే పని కంప్యూటర్‌కు వదిలేయకండి, తండ్రి పేరు, ఊరు చూసి గుమస్తాతో కూర్చుని కలపండి. ఇద్దరు సైదులులను ఒక్కరిని చేస్తే అది ఇంకా పెద్ద గొడవ.

మార్చిన తర్వాత పాతదాంట్లో, కొత్తదాంట్లో మూడు అంకెలు సరిపోల్చండి: వరుసల సంఖ్య, బస్తాల మొత్తం, రూపాయల మొత్తం. ఏడాదివారీగా. ఒక్క పైసా తేడా వచ్చినా ముందుకు వెళ్లకండి.

డీబీఎఫ్ ఫైళ్ల గురించి ఓనర్లకు ధైర్యం చెప్పొచ్చు. భాష ఆగిపోయినా ఆ ఫైలు చదవడం ఆగలేదు. ఉచితంగా దొరికే లిబ్రెఆఫీస్‌లో నేరుగా తెరుచుకుంటుంది, పైథాన్‌లో చదవడానికి లైబ్రరీలు ఉన్నాయి. సోర్స్ కోడ్, అంటే మీరు రాసిన అసలు ప్రోగ్రాం, దాని సంగతే నాకు భయం. అది మీ ఒక్క లాప్‌టాప్‌లోనే ఉందని నా అనుమానం. చాలామంది అలాగే ఉంచుకుంటారు, ఇచ్చేస్తే మన అవసరం తీరిపోతుందని. మీకు రేపు జ్వరమొచ్చి నెల రోజులు లేవకపోతే తొమ్మిది చోట్లా బిల్లులు ఆగుతాయి. ఒక్కో పార్టీది ఒక్కో పెన్‌డ్రైవ్‌లో పెట్టి, పైన తేదీ రాసి, వాళ్ల బీరువాలో పెట్టించండి. ఇచ్చినందువల్ల పార్టీలు పోయినవాళ్లను నేను చూడలేదు. ఇవ్వనందుకు చెడ్డపేరు తెచ్చుకున్నవాళ్లను చూశాను.

తొమ్మిదింటికీ కొత్త ప్రోగ్రాం మీరొక్కరే రాయాలని మాత్రం నడుం కట్టకండి. ఎరువుల దుకాణాలకు రెడీమేడ్ ప్యాకేజీ చాలు. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు మీరు రాత్రింబవళ్లు కూర్చుని రేట్లు మార్చి ఉంటారు. ఆ బరువు ఇకమీదట ప్యాకేజీ కంపెనీ మోస్తుంది, మోయనివ్వండి. మీరే దగ్గరుండి వాళ్లను అందులోకి మార్చండి, నేర్పండి, దానికి ఫీజు తీసుకోండి. సొంత కట్టుబాట్లు ఎక్కువగా ఉన్న మిల్లులు రెండో మూడో ఉంటాయి, వాటికే మీ చేతి ప్రోగ్రాం అవసరం. మీ శక్తి అక్కడ పెట్టండి.

పైథాన్ నేర్చుకోండి. మీకు వస్తుంది. లూపులు, కండిషన్లు, ఫైళ్లు, అన్నీ మీకు తెలిసినవే, రాసే తీరు కొత్త. యాభై ఏళ్లకు మెదడు మొండికేస్తుందన్నది నేను నమ్మను. నా క్లాసుల్లో రిటైరైన తహసీల్దారు కూడా కూర్చునేవారు. అయితే "పైథాన్ కోర్సు" అని పుస్తకం మొదటి పేజీ నుంచి మొదలుపెట్టకండి, విసుగొచ్చి వదిలేస్తారు. ఒకే ఒక్క పని పెట్టుకోండి: మీ సొంత తరుగు లెక్కను పైథాన్‌లో మళ్లీ రాయాలి, పాత డీబీఎఫ్ చదివి, పాత తక్‌పట్టీలో వచ్చిన అంకే రావాలి. డేటా దాచడానికి ఎస్‌క్యూలైట్ పెట్టుకోండి, డీబీఎఫ్‌లాగే ఒక్క ఫైల్లో ఉంటుంది, సర్వర్ గొడవ లేదు. దాన్ని తయారుచేసేవాళ్లు 2050 దాకా చూసుకుంటామని మాటిచ్చారు. మీ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకోండి. తను మీకు సింటాక్స్ చెప్తుంది. తరుగు అంటే ఏమిటో, తాలు ఎందుకు కోస్తారో, దడువాయి అంటే ఎవరో తనకు మీరు చెప్పండి. కాలేజీలో ఇచ్చే ప్రాజెక్టుల్లో ఇలాంటిది దొరకదు. తనకు ఇంకో మాట కూడా చెప్పండి: పైథాన్ 2కు కూడా 2020 జనవరి 1న సపోర్టు ఆపేశారు. అప్పుడు ప్రపంచమంతటా ఎంతోమంది కూర్చుని తమ ప్రోగ్రాములను పైథాన్ 3లోకి మార్చుకున్నారు. ఇప్పుడు మీరు చేయబోయేదీ అలాంటి పనే.

టైం సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. వానకాలం వడ్లు దిగే రోజుల్లో, మిల్లు గేటు బయట ట్రాక్టర్లు, లారీలు బారులు తీరినప్పుడు ఏదీ మార్చకండి. యాసంగి కొనుగోళ్లు అయిపోయాక, జులై, ఆగస్టు నెలల్లో మొదలుపెట్టండి. కనీసం నెల రోజులు పాతదీ కొత్తదీ పక్కపక్కన నడపండి. గుమస్తాకు రెట్టింపు పని అవుతుంది, గొణుగుతాడు. ఆ నెలకు అతనికి ఎంతో కొంత ఇప్పించమని ఓనర్‌కు మీరే చెప్పండి.

ఇవన్నీ ఒక్కొక్కటిగా చేసుకోవచ్చు. ఒక్కటి మాత్రం ఇవాళే. పాత కంప్యూటర్ తీసి మూలన పెట్టారని రాశారు. మీ ఉత్తరం నాకు చేరేసరికే పది రోజులైంది. మిల్లులో మూలన పెట్టిన సామాను ఎన్నాళ్లుంటుందో మీకు తెలుసు, పాత ఇనుముతో పాటు అదీ వెళ్లిపోతుంది. ఆ పెట్టెలో పెద్దసార్ మాట ఉంది, ఇన్నేళ్ల రైతుల ఖాతాలున్నాయి. ఆ అబ్బాయికే ఫోన్ చేయండి. "బాబూ, ఆ పాత సీపీయూ ఎవరికీ ఇవ్వకు, నేను వస్తున్నాను" అని చెప్పి, ఒక ఖాళీ హార్డ్‌డిస్కు జేబులో వేసుకుని బయల్దేరండి.